విజ్ఞానచంద్రికను వెలిగించిన మెట్టసీమ బిడ్డ
కొమర్రాజు లక్ష్మణరావుగారి జీవితము

కృష్ణామండలమన్నంతనే కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు కన్నులకు గట్టును. కాని ఆ మండలమునకు మరియొక ముఖము కలదు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము మెట్టసీమ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై దిగువ డెల్టా పచ్చపడినను, ఆ నీరు ఈ ఎత్తునేలలకు ఎక్కలేదు. జొన్న, కంది, ప్రత్తి, మిరప పండించుకొనుచు, మబ్బువైపు చూచుచు బ్రతికిన సీమ యిది. సిరికి వెనుకబడినను చరిత్రకు వెనుకబడినది కాదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర నెలకొల్పిన జగ్గయ్యపేట చెంత, 1882లో బర్జెస్ దొర బౌద్ధస్తూపమును వెలికిదీసెను. ఇక్ష్వాకు ప్రభువైన వీరపురుషదత్తుని కాలపు శాసనములు అచ్చట లభించినవి. భిక్షువులు శిష్యులను చెంత నిలుపుకొని విద్య గరపిన నేల యది.

ఆ సీమలోనే, నందిగామ తాలూకాలో, మునేటి యొడ్డున పెనుగంచిప్రోలు అను గ్రామమున 1877వ సంవత్సరము మే 18వ తేదీన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. ఆంధ్రదేశమున చరిత్రకారుడుగా, గ్రంథాలయోద్యమ స్థాపకులలో ఒకరుగా ఆయన పేరు పదిమందికి తెలియును. కాని తెలుగు పాఠశాలలో గణితమును, ప్రకృతిశాస్త్రములను చెప్పబూనిన ఉపాధ్యాయునికి ఆయన చేసిన మేలు అంతగా తలపునకు రాదు. ఆ మేలు చిన్నది కాదు.

అక్క యిల్లే పాఠశాల

లక్ష్మణరావుగారికి బాల్యముననే తండ్రి గతించెను. ఆయన కంటె మూడేండ్లు పెద్దదైన అక్కగారు భండారు అచ్చమాంబగారు. ఆమె భర్త మాధవరావుగారు మధ్యరాష్ట్రమున ఇంజనీరు. తల్లియు తమ్ముడును ఆమె వెంట నాగపురము చేరిరి. తెలుగు గాలి సోకని ఆ దూరదేశమున లక్ష్మణరావుగారి చదువు సాగెను. మరాఠీ ఆయనకు రెండవ మాతృభాష అయ్యెను. 1900లో పట్టభద్రులైరి, పిమ్మట ఇంటనే చదివి ఎం.ఏ. పట్టమును పొందిరి. సంస్కృతము, హిందీ, వంగభాష, ఉర్దూ ఆయనకు వశమయ్యెను. మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసి అచ్చటి పండితుల మెప్పు బడసిరి.

ఆ యింట జరిగిన విద్యాదానము ఒకవైపు నుండి మరియొకవైపునకు మాత్రమే పారలేదు. పెండ్లినాటికి అచ్చమాంబగారికి అక్షరజ్ఞానము లేదు. ఆడుదానికి చదువేల అను కాలమది. అక్క తమ్మునికి అన్నము పెట్టి చదివించెను. తమ్ముడు తాను చదివినదానిని అక్కకు చెప్పెను. అట్లు తెలుగు, హిందీ నేర్చిన ఆమె, తరువాత తన పట్టుదలచేత మరికొన్ని భాషలు నేర్చి, 1901లో అబలాసచ్చరిత్రరత్నమాలను ప్రకటించెను. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. 1905 జనవరిలో, ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు, ముప్పది యేండ్ల ప్రాయమున ఆ తల్లి కన్నుమూసెను. 1906లో జన్మించిన తన కుమార్తెకు లక్ష్మణరావుగారు అచ్చమాంబ యనియే పేరు పెట్టుకొనిరి. ఆ బాలిక వైద్యురాలై, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికయ్యెను.

ఒకరికి చెప్పినగాని తాను నేర్చినది తనకు దక్కదను సత్యమును లక్ష్మణరావుగారు ఆ యింట గ్రహించిరి. చెప్పవలెనన్నచో మాట కావలెను. విద్యాధికుడు ఇంగ్లీషులో చదివిన విషయమును, ఇంగ్లీషు రాని అక్కకు తెలుగులో చెప్పవలసివచ్చినప్పుడు మాటకై తడుముకొనక తప్పదు. ఆయన జీవితమంతయు ఆ మాట కొరకు సాగిన వెదకులాటయే.

ఉపాధ్యాయుని చేతిలో లేని పనిముట్టు

ఆ కాలమున ఉపాధ్యాయులను తయారుచేయు పద్ధతి చెన్నరాజధానియందు లేకపోలేదు. 1856లో చెన్నపట్టణమున నార్మల్ స్కూలు వెలసి, తరువాత సైదాపేటకు చేరి పెద్ద కళాశాల యయ్యెను. 1894లో రాజమహేంద్రవరమున ట్రెయినింగు కళాశాల ఏర్పడెను. అట్టి కళాశాలలను అంటిపెట్టుకొని అభ్యాసపాఠశాలలుండెడివి. కాబోవు ఉపాధ్యాయుడు మొదట వెనుకబల్లపై కూర్చుండి అనుభవజ్ఞుని పాఠము వినవలెను. పిదప తాను పాఠము చెప్పవలెను. పెద్దలు వెనుక కూర్చుండి తప్పొప్పులు దిద్దవలెను. వైద్యుడు ఆసుపత్రిలో వైద్యము నేర్చినట్లు, ఉపాధ్యాయుడు బడిలోనే బోధన నేర్వవలెనని దీని సారాంశము. పద్ధతి మంచిదే.

కాని అట్లు తరిఫీదైనవాడు నందిగామ వంటి తాలూకాలోని బడికి వచ్చి నిలుచున్నప్పుడు అతనికి ఎదురైన చిక్కు వేరు. పై తరగతులలో శాస్త్రబోధన ఇంగ్లీషులోనే జరుగుచుండెను. ఇంగ్లీషు వాక్యమును చదివి, దాని యర్థమును తెలుగులో వివరింపబోయినచో మాటలు దొరకవు. పిల్లలు అర్థము కాని వాక్యములను కంఠస్థము చేయుదురు. పరీక్ష తీరిన పిమ్మట అవి గాలిలో కలియును.

ఇందు గణితోపాధ్యాయుని పరిస్థితి కొంత మేలు. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యములలోనికి తెచ్చెను. వీధిబడి పంతులు నోట ఎక్కములు, భిన్నములు, వడ్డీలెక్కలు తరతరములుగా నిలిచియుండెను. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము అను మాటలకు ఎవరును వెదకులాడ నక్కరలేదు. పదార్థధర్మములను, రసాయన సంయోగములను, జీవకణమును గూర్చి చెప్పవలసినవానికి అట్టి పిత్రార్జితము లేదు. ఆయుర్వేదమునందును, తర్కశాస్త్రమునందును కొన్ని మాటలున్నను, వాటి యర్థములు వేరు. క్రొత్తశాస్త్రమునకు సరిగా అతుకవు. బోధనాపద్ధతిని కళాశాల నేర్పవచ్చును. లేని పరిభాషను అది ఎచ్చటినుండి తేగలదు? వెనుక కూర్చుండి తప్పులు దిద్దు పెద్ద ఉపాధ్యాయుడును ఆ మాట ఎరుగడు.

తక్కిన దేశభాషలవారు అప్పటికే ఈ చిక్కును గుర్తించిరి. కాశీ నాగరీప్రచారిణీసభవారు గణితము, భౌతికశాస్త్రము, రసాయనము, జ్యోతిశ్శాస్త్రము మొదలగువానికి హిందీ పారిభాషికపదములను సమకూర్చి 1906లో నిఘంటువుగా ప్రకటించిరి. వంగదేశమున నగేంద్రనాథ వసువుగారి విశ్వకోశము సంపుటములుగా వెలువడుచుండెను. నాగపురమున పెరిగి, వంగ మరాఠీ వాఙ్మయములను చదువుచున్న లక్ష్మణరావుగారికి తెలుగువారి లేమి స్పష్టముగా గోచరించెను.

మునగాల దివాను

విద్య ముగిసిన పిదప లక్ష్మణరావుగారు మునగాల జమీందారు రాజా నాయని వేంకటరంగారావుగారి కడ దివానుగా చేరిరి. మునగాల పరగణా నాడు నందిగామ తాలూకాలో భాగము; నాలుగువైపుల నైజాము రాజ్యము, నడుమ ఈ ఇంగ్లీషు ప్రభుత్వపు నేల. నిజాము రాజ్యమందలి తెలుగువారి దుఃస్థితి అచ్చటినుండి కన్నులార కానవచ్చును. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలయుటకు లక్ష్మణరావుగారును మునగాల రాజావారును మూలస్తంభములైరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము ఏర్పడెను.

గ్రంథాలయములు నిలిచినవి. వాని బీరువాలలో పెట్టుటకు గ్రంథములేవి? కావ్యములున్నవి, పురాణములున్నవి, శతకములున్నవి. భూమి ఏల తిరుగునో, నీరు ఏల ఆవిరియగునో, చలిజ్వరము ఏల వచ్చునో చెప్పు పుస్తకము తెలుగున అరుదు. వీరేశలింగము పంతులుగారు కొన్ని శాస్త్రవిషయములను తెలుగున వ్రాసి దారి చూపిరి. కాని అది ఒక్కని చేతి పని. ఆ దారిని రాజమార్గముగా చేయవలెనన్న పలువురు కూడవలెను.

విజ్ఞానచంద్రికామండలి

1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి స్థాపితమయ్యెను. లక్ష్మణరావుగారు సంపాదకులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, నందిగామలో పుట్టి తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభకు మొదటి సభాపతి యైన అయ్యదేవర కాళేశ్వరరావుగారు తోడునిలిచిరి. 1908లో మండలి చెన్నపట్టణమునకు తరలెను.

మండలి తొలిగ్రంథము హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. అది 1907లో వెలువడెను. ఈ గ్రంథకర్త కథ ప్రత్యేకముగా తలపదగినది. ఆయన అప్పుడు రాజమహేంద్రవరపు ట్రెయినింగు కళాశాలలో ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న విద్యార్థి. 1907 ఏప్రిలులో విపినచంద్రపాలుగారు ఆ పట్టణమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతరము పతకములు ధరించిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దొర ఆగ్రహించి హరిసర్వోత్తమరావుగారిని కళాశాలనుండి వెడలగొట్టెను. ప్రభుత్వోద్యోగమునకు తలుపులు మూసికొనెను. మరుసటి యేడు స్వరాజ్య పత్రికలో ప్రకటించిన వ్యాసమునకై ఆయన కారాగారము పాలయ్యెను. తరగతిగదిలో నిలుచు అర్హతను పోగొట్టుకొన్న ఆ యువకుడే, తరువాత వయోజనవిద్యకును గ్రంథాలయోద్యమమునకును తన యాయువును ధారపోసి, ఆంధ్రదేశమంతటిని తరగతిగదిగా చేసికొనెను. సర్కారు కళాశాల త్రోసిపుచ్చినవానిని విజ్ఞానచంద్రిక చేరదీసినది.

చరిత్రగ్రంథములు ఈ మాలకు గొప్ప పేరు తెచ్చినవి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఇందే వెలువడెను. లక్ష్మణరావుగారు స్వయముగా హిందూదేశ కథాసంగ్రహమును వ్రాసిరి. కాని బడిపంతుళ్ల దృష్టితో చూచినచో శాస్త్రగ్రంథములే మిన్న. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, వేమూరి విశ్వనాథశర్మగారు రసాయనశాస్త్రమును, మంత్రిప్రగడ సాంబశివరావుగారు పదార్థవిజ్ఞానశాస్త్రమును వ్రాసిరి. ఈ మూడు పేర్లలో మొదటి రెండును నేటికిని పాఠ్యపుస్తకముల అట్టలపై నిలిచియున్నవి. మూడవది మాత్రము మారి భౌతికశాస్త్రమయ్యెను. పరిభాష ఒక్కనాటితో స్థిరపడదు. ఒకడు ఒక మాటను ప్రయోగించును. ఉపాధ్యాయులు తరగతిలో వాడి చూతురు. పిల్లల నాలుకపై నిలిచినది నిలుచును, నిలువనిది రాలిపోవును.

లక్ష్మణరావుగారి సంపాదకత్వము పేరునకు మాత్రము కాదు. రచయితలను వెదకి, విషయమును ఏర్పరచి, వ్రాతప్రతిని పరిశీలించి, పీఠిక కూర్చుట వరకు ఆయన శ్రమయే. వైద్యుడు వైద్యము ఎరుగును గాని తెలుగు వాక్యము కూర్చుట ఎరుగకపోవచ్చును. పండితుడు వాక్యము కూర్చును గాని శాస్త్రము ఎరుగడు. ఈ యిరువురికి నడుమ వంతెన కట్టగలవాడు రెంటిని ఎరిగినవాడై యుండవలెను. అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుడు అభ్యాసకుని పాఠమును వెనుకనుండి విని దిద్దునట్లు, ఆయన ఈ క్రొత్త రచయితల వెనుక నిలిచెను.

పుస్తకము అచ్చయినంత మాత్రమున చదువబడదని ఆయనకు తెలియును. అందుచేత విజ్ఞానచంద్రికా పరిషత్తు పేర తెలుగునాట పలుచోట్ల పోటీపరీక్షలు ఏర్పరచి, చరిత్ర, ప్రకృతిశాస్త్రములు మొదలగు విషయములలో గెలిచినవారికి బహుమతుల నిచ్చిరి. ఏ కళాశాలయందును చేరలేనివాడు సయితము తన యూరిలోనే చదివి, పరీక్ష కూర్చుండి, తన జ్ఞానమును తూచుకొనుటకు అది వీలు కల్పించెను. నవలలకును పోటీలు పెట్టిరి. కథ కొరకు వచ్చిన పాఠకుడు శాస్త్రము చేత పట్టుకొని పోవునని వారి యాశ.

తెగని చిక్కు

ఈ ప్రయత్నమునందు లోపము లేకపోలేదు. గ్రంథములు సరళగ్రాంథికమున వ్రాయబడినవి. పారిభాషికపదములు ఎక్కువగా సంస్కృతమునుండి గ్రహింపబడినవి. అదే కాలమున పర్లాకిమిడిలో స్వయముగా ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు, పిల్లవాడు ఇంట మాటలాడు భాషకును బడిలో చదువు భాషకును ఎడమున్నంతకాలము చదువు తలకెక్కదని వాదము లేవదీసిరి. శాస్త్రము తెలుగున చెప్పవలెనని లక్ష్మణరావుగారు; ఆ తెలుగు వాడుక తెలుగై యుండవలెనని రామమూర్తిగారు. కాలక్రమమున వాక్యము రామమూర్తిగారి త్రోవ పట్టెను. పరిభాష మాత్రము లక్ష్మణరావుగారి త్రోవనే నడచెను. నేటి విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకమును తెరచి చూచినచో క్రియలు వాడుకవి, నామములు సంస్కృతపువి. ఇద్దరి వాదములును ఒక్క పుటలో రాజీపడినవి.

అకారముతో ఆగిన సర్వస్వము

విడివిడి గ్రంథములతో లక్ష్మణరావుగారికి తృప్తి కలుగలేదు. సకలశాస్త్రములు ఒక్కచోట అకారాదిగా లభించు గ్రంథము తెలుగున ఉండవలెనని సంకల్పించి, 1912, 13 ప్రాంతమున ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, రాయప్రోలు సుబ్బారావుగారు, ఆచంట లక్ష్మీపతిగారు, చెరనుండి విడుదలయైన హరిసర్వోత్తమరావుగారు మొదలగువారు చేయూతనిచ్చిరి. అథర్వవేదము, అద్వైతము, అష్టాధ్యాయి, అభిజ్ఞానశాకుంతలము వంటి వ్యాసములను లక్ష్మణరావుగారే వ్రాసిరి. ఆ పేర్లను చూచిననే ఆయన విద్య వెడల్పు తెలియును.

మూడు సంపుటములు వెలువడినవి. మూడును అకారమే. తెలుగు నిఘంటువును ఎరిగినవారికి దీని కారణము బోధపడును. నిషేధార్థకమైన అకారముతోను, అతి, అధి, అను, అభి, అవ మున్నగు ఉపసర్గలతోను ఆరంభమగు సంస్కృతపదములన్నియు ఆ యొక్క అక్షరము క్రిందనే చేరును. అన్ని అక్షరములలోను దాటుటకు కష్టమైన అక్షరమది. ఆ ఏరు దాటకమునుపే ధనము తరిగెను, యుద్ధకాలము వచ్చెను, ఆరోగ్యము చెడెను. పని ఆగిపోయెను.

ఆ విధముగా గకారమున రావలసిన గణితము ఆయన చేతిమీదుగా రాలేదు. జకారమున జీవశాస్త్రము, భకారమున భౌతికము, రకారమున రసాయనము రాలేదు. ఏ ఉపాధ్యాయునికి ఆ సర్వస్వము ముఖ్యముగా కావలసియుండెనో, అతని పుటలు తెల్లగానే మిగిలిపోయినవి. తెలుగుజాతికి ఇది గొప్ప నష్టము. తరువాత మహారాష్ట్రమున కేత్కరుగారు జ్ఞానకోశమును పూర్తిచేయగలిగిరి. నిజాము ప్రభుత్వము 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును తెరచి, అనువాదశాఖ నేర్పరచి, ఉర్దూభాషలో శాస్త్రములను చెప్పింపగలిగెను. అచ్చట ప్రభుత్వ ధనాగారము వెనుక నిలిచెను. తెలుగునకు ఒక జమీందారుని ఔదార్యము, కొందరు మిత్రుల కష్టము, చందాదారుల చిల్లర మాత్రమే యుండెను.

అంతిమదినములు

చెన్నపట్టణమున లక్ష్మణరావుగారి గృహము తెలుగు పండితులకు ధర్మసత్రము వంటిది. వీరేశలింగము పంతులుగారు 1919 మే 27వ తేదీన తుదిశ్వాస విడిచినది ఆ యింటనే. తెలుగున శాస్త్రవిషయములు వ్రాసిన తొలితరపు పెద్దకు, ఆ పనిని భుజమునకెత్తుకొన్న తరువాతి తరమువాడు తుదిసేవ చేసెను. నాలుగేండ్లు గడచినవి. 1923 జూలై 12వ తేదీన, నలువదియారేండ్ల ప్రాయమున, లక్ష్మణరావుగారును గతించిరి.

ఆయన పని ఆయనతో అంతరింపలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930 తరువాత ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును మరల చేపట్టిరి. స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషాసమితి విషయక్రమమున విజ్ఞానసర్వస్వ సంపుటములను ప్రకటించెను. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలలకు పాఠ్యగ్రంథములను, పారిభాషికపదకోశములను సమకూర్చెను. మునగాల పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో చేరిపోయెను. పెనుగంచిప్రోలు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. నేల పేర్లు మారినవి గాని ఆయన ఎత్తిన ప్రశ్న మారలేదు.

2015 నుండి బి.ఎడ్. రెండేండ్ల చదువైనది, అందు ఇరువది వారములు అభ్యాసకులు పాఠశాలలలో గడపవలెను. గణితమును, విజ్ఞానశాస్త్రమును చెప్పబోవు యువతీయువకులు బడులలో వెనుకబల్లపై కూర్చుండి పెద్దల పాఠములను విందురు. పిదప తాము నిలిచి చెప్పుదురు. 2020 తరువాత ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములు ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగుగా వచ్చినవి. ఆ రెండు పుటల నడుమ నిలుచున్న క్రొత్త ఉపాధ్యాయుడు, ఒక వైపు మాటను మరియొక వైపు మాటతో పిల్లవానికి ముడిపెట్టవలెను. లక్ష్మణరావుగారు నాగపురమున తన అక్కగారికి చేసిన పనియే అది. ఆయనకు ఎదురుపుట లేకుండెను, తానే వ్రాసికొనవలసివచ్చెను. అట్టి ఎదురుపుట ఒకటి నేటివారి చేతిలో నున్నదన్నచో, దాని మొదటి పంక్తులను వ్రాసినవారిలో నందిగామ తాలూకావాడొకడు కలడని మెట్టసీమలోని బడులలోనైన చెప్పుకొనుట న్యాయము.